ఏ భాగానికీ చెందని కొలత

పాత ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ ఇంజన్‌ను పూర్తిగా విప్పి మళ్లీ కట్టాలనుకునేవారికి అసలు చిక్కు ఖర్చు దగ్గరో పనిముట్ల దగ్గరో రాదు. ఏ సామాను దేనితో కుదురుతుందో తేల్చుకోవడం దగ్గర వస్తుంది. 1930లలో జర్మనీలో పుట్టిన ఈ ఇంజన్, మెక్సికోలోని ప్వెబ్లా కర్మాగారం నుంచి 2003 జూలై 30న చివరి బీటిల్ బయటికొచ్చేదాకా తయారవుతూనే ఉంది. మొత్తం 2 కోట్ల 15 లక్షలకు పైగా కార్లు. ఇంతకాలమూ దూరం నుంచి చూసేవారికి దాని రూపం ఒక్కటే: నీళ్ల రేడియేటర్ ఉండదు, నాలుగు సిలిండర్లు ఇటు రెండు అటు రెండు అడ్డంగా పడుకుని ఉంటాయి, పైనున్న ఫ్యాను వాటి మీదికి గాలి తోలుతుంది. లోపల మాత్రం 985 సీసీతో మొదలై 1131, 1192, 1285, 1493, 1584 సీసీలుగా పెరుగుతూ పోయింది. పెరిగే క్రమంలో ఒకసారి బోల్టు సైజు మారింది, ఒకసారి ఆయిల్ దారి వెడల్పయింది, ఒకసారి ఫ్లైవీల్ పళ్లు 109 నుంచి 130 అయ్యాయి. అందుకే నేడు ఒక పాత ఇంజన్‌ను జర్మన్ క్రాంక్‌షాఫ్ట్, బ్రెజిల్ పిస్టన్లు, మెక్సికో హెడ్లు వేసి కట్టినప్పుడు రెండు ప్రశ్నలు ఒకేసారి లేస్తాయి. ఒకటి మెకానిక్ అడిగేది: ఇవన్నీ కలిసి పనిచేస్తాయా? రెండోది తాత్వికుడు అడిగేది: ఇన్ని మార్చాక కూడా ఇది ఆ పాత ఇంజనేనా? ఈ రెంటికీ సంబంధం లేదనుకోవడం మామూలు. మొదటిదానికి జవాబు ఎక్కడుందో రెండోదానికీ అక్కడే ఉందని నా వాదన. భాగాల మధ్య పొందిక ఏ భాగంలోనూ ఉండదు, మన ఊహలోనూ ఉండదు, అయినా అది నిజం. ఇంజన్ అనే మొత్తం ఆ పొందికే.

అవయవాలకంటే, అంటే భాగాలకంటే, వేరుగా అవయవి అనే మొత్తం ఒకటి ఉందా అన్నది మన దర్శనాల్లో చాలా పాత తగువు. బౌద్ధులు దీన్ని రథంతో మొదలుపెట్టారు. క్రీస్తుపూర్వం 2వ శతాబ్దపు యవన రాజు మిలిందుడికీ నాగసేన భిక్షువుకూ నడిచినట్టు చెప్పే సంభాషణ మిలిందపన్హలో ఉంది. నువ్వు ఎక్కివచ్చిన రథం ఇరుసా, చక్రాలా, కాడా అని భిక్షువు ఒక్కొక్కటే అడుగుతాడు. రాజు కాదంటూ పోతాడు. అన్నీ కలిసినదా అంటే అదీ కాదు, ఇవి కాక వేరేదా అంటే అదీ కాదు. చివరికి తేలేది, రథమన్నది ఆ భాగాలను ఆసరా చేసుకుని వాడుకునే ఒక పేరేనని. 7వ శతాబ్దంలో చంద్రకీర్తి మధ్యమకావతారంలో ఈ విచారణను ఏడు మెట్లకు పెంచాడు. వాటిలో రెండు మనకు నేరుగా పనికొస్తాయి. భాగాల పోగే రథమంటే, విప్పి కుప్పపోసినప్పుడు కూడా అక్కడ రథం ఉండాలి; పోగులో ఒక్కటీ తగ్గలేదు కదా. పోనీ ఆకారమే రథమందామంటే, విడిగా ఉన్న చక్రం ఆకారం ఏదో బిగించిన చక్రం ఆకారమూ అదే. ముందు లేని రథం తర్వాత ఎక్కడి నుంచి ఊడిపడింది? కడిగి, తుడిచి, షెడ్డులో బల్ల మీద వరసగా పరిచిన ఇంజన్ సామాను చూస్తే ఈ మాటల బలం తెలుస్తుంది. నాలుగు పిస్టన్లు, నాలుగు కనెక్టింగ్ రాడ్లు, ఎనిమిది వాల్వులు, క్రాంక్, క్యామ్, అన్నీ ఉన్నాయి. ఇంజన్ మాత్రం లేదు. బిగించాక ఏ ముక్కా తన ఆకారం మార్చుకోదు. మరి కొత్తగా వచ్చిందేమిటి?

వచ్చినదాన్ని కొలవవచ్చు. నా వాదనకు ఇదే ముఖ్యమైన ఆధారం కాబట్టి కాస్త దగ్గరగా చూడాలి. క్రాంక్‌షాఫ్ట్‌కు ఫ్లైవీల్ వైపు కొసన, ఒకటో నంబరు బేరింగ్ అంచుకూ ఫ్లైవీల్ ముఖానికీ నడుమ మూడు పల్చటి ఉక్కు షిమ్‌లు ఉంటాయి. క్రాంక్ తన పొడవు వెంట ముందుకూ వెనక్కూ ఎంత జరగవచ్చో నిర్ణయించేవి అవే. ఆ జరుగుడు 0.07 నుంచి 0.13 మిల్లీమీటర్ల లోపు ఉండాలి. పని తెలిసినవారు మొదట రెండు షిమ్‌లే వేసి ఫ్లైవీల్ బిగిస్తారు. డయల్ గేజ్ కొనను ఫ్లైవీల్‌కు ఆనించి క్రాంక్‌ను అటూ ఇటూ నెడతారు. వచ్చిన అంకెలోంచి కావలసిన ఖాళీ తీసివేసి, మిగిలినంత మందం ఉన్న మూడో షిమ్ కోసం వెతుకుతారు, 0.30, 0.32, 0.34, 0.36 ఇలా కంటికి తేడా తెలియని మందాల్లో అవి దొరుకుతాయి. మూడోది కూడా వేసి, బిగించి, మళ్లీ కొలుస్తారు. ఖాళీ తక్కువైతే వేడెక్కినప్పుడు బేరింగ్ అంచు ఒరుసుకుని కాలుతుంది. ఎక్కువైతే క్లచ్ నొక్కిన ప్రతిసారీ క్రాంక్ బేరింగ్‌ను మోదుతూ, కేస్‌లో దాని గూడునే వదులు చేస్తుంది. ఇప్పుడు అడగాలి: ఈ 0.10 మిల్లీమీటరు దేనిది? క్రాంక్‌ను ఎంత కొలిచినా ఆ అంకె అందులో లేదు. బేరింగ్‌లో లేదు, ఫ్లైవీల్‌లో లేదు, మూడు షిమ్‌లను కలిపి కొలిచినా లేదు. విప్పితే మాయమవుతుంది, బిగిస్తే వస్తుంది. చంద్రకీర్తి ఆకారాన్ని ముక్కల్లోనూ వాటి పోగులోనూ వెతికాడు, ముక్కకూ ముక్కకూ నడుమ వెతకలేదు. ఇంజన్ బతుకంతా ఆ నడుమే ఉంది.

బౌద్ధుడు దీనికి వెంటనే బదులు చెబుతాడు, ఆ బదులు తీసిపారేయదగ్గది కాదు. ఆ ఖాళీ మాత్రం తనంతట తాను ఉందా? క్రాంక్ మీదా బేరింగ్ మీదా షిమ్ మీదా ఆధారపడే కదా ఉంది? ఆధారపడి పుట్టినదానికి సొంత స్వభావం ఎక్కడిది? ఈ ప్రశ్నకు మూలపురుషుడు నాగార్జునుడు. కృష్ణ ఒడ్డున ఉన్న శ్రీపర్వతానికి నాగార్జునకొండ అని ఆయన పేరే నిలిచింది. ఒకదాన్నొకటి ఆధారం చేసుకుని పుట్టడాన్నే ఆయన శూన్యత అన్నాడు. దాన్ని కాదనవలసిన పని నాకు లేదు. ఆయన ఆధారపడినదాన్ని శూన్యమన్నాడే గాని లేదనలేదు. మూలమధ్యమకకారికలోని 24వ ప్రకరణమంతా శూన్యమంటే ఏమీ లేకపోవడమని అపార్థం చేసుకున్నవారికి ఇచ్చిన సమాధానమే. వస్తువులకు బిగుసుకుపోయిన స్వభావం ఉంటే మార్పుకూ పనికీ తావుండదని ఆయన వాదం. లోహాల మధ్య ఉన్న ఖాళీయే ఆ శూన్యత అని నేననడం లేదు, అలా అంటే మాటతో ఆడుకోవడమే అవుతుంది. ఆధారపడి ఉన్నది కూడా నిజంగా పనిచేయగలదన్న ఆయన మాటను మాత్రం తీసుకుంటున్నాను. నాకు పేచీ నాగసేనుడి తీర్పుతో. ఒట్టి పేరే అయినది మన ఒప్పందంతో మారాలి. రథాన్ని మరో పేరుతో పిలుచుకోవచ్చు. కానీ 0.03 ఖాళీని ఊరంతా కలిసి 0.10 అని పిలిచినా బేరింగ్ కాలక మానదు. మన మాట వినని దాన్ని పేరనలేం.

న్యాయదర్శనం వారైన నైయాయికులు దీనికి ఎదురు గట్టు మీద నిలబడ్డారు. అవయవి అవయవాలకంటే వేరైన, నిజమైన వస్తువని వారి సిద్ధాంతం. న్యాయసూత్రాలు చెప్పిన హేతువుల్లో ఒకటి, ఒక చోట పట్టి లాగితే మొత్తం కదిలి వస్తుందన్నది. ఇంజన్‌కు ఇది బాగానే అతుకుతుంది. పుల్లీ నట్టుకు పానా తగిలించి తిప్పితే దూరాన ఉన్న వాల్వులు తెరుచుకుంటాయి. అయితే ఈ హేతువు ఒక్కటే చాలదని భాష్యకారుడు వాత్స్యాయనుడికే తెలుసు. లక్కతో అతికించిన గడ్డి, రాయి, కట్టె కూడా కలిసే వస్తాయి. కలిసి కదలడం వేరు, కుదరడం వేరు. నాకు ఇంతకంటే పదునుగా కనబడేది కారణాల విభాగం. మన తెలుగువాడు అన్నంభట్టు 17వ శతాబ్దంలో తర్కసంగ్రహంలో దాన్ని చిన్నపిల్లలకు కూడా అందేలా చెప్పాడు. బట్టకు దారాలు సమవాయి కారణం. దారాల కలయిక అసమవాయి కారణం. మగ్గం, నేతగాడు వంటివి నిమిత్త కారణాలు. ఇందులో గొప్పతనం కలయికకు విడిగా పీట వేయడం. దాన్ని దారాల లెక్కలో కలిపేయలేదు, నేతగాడి ఊహలోకి నెట్టలేదు. పైగా సంయోగమన్న గుణం ఒక్క ద్రవ్యంలో ఉండదని, రెంటిలో కలిసి ఉంటుందని నైయాయికులకు దగ్గరివారైన వైశేషికుల లెక్క. క్రాంక్ పక్కనున్న ఖాళీని సంయోగమనవచ్చా అని తార్కికులు తగువు పడవచ్చు, పడనివ్వండి. ఒక్కదానిలో ఇమడని గుణాన్ని కూడా నిజమని ఒప్పుకునే ధైర్యం వారికి ఉంది. నాకు కావలసింది అదే.

అయితే వారితోనూ పూర్తిగా నడవలేను. ఒక దారం ఊడితే పాత బట్ట నశించి, మిగిలిన దారాలతో ఖండపటమనే కొత్త బట్ట పుడుతుందంటారు. ఆ లెక్కన ఒక్క గ్యాస్కెట్ మార్చినా పాత ఇంజన్ పోయినట్టే. వైశేషికులు ఇంకో అడుగు ముందుకు వేసి, పచ్చికుండ ఆవంలో కాలేటప్పుడు పరమాణువులదాకా విడిపోయి మళ్లీ కొత్త కుండగా పుడుతుందన్నారు. ఇక్కడ మాత్రం నైయాయికులు ఆగారు. కుండ కుండగా ఉంటూనే కాలుతుందన్నారు. ఇది ఆ కుండే అని మనం గుర్తుపట్టడం భ్రమ కాదన్నారు. వేడిలో పడిన వస్తువు అదే వస్తువుగా ఎలా నిలుస్తుందన్న ఈ తగువుకు, గాలితో చల్లబడే ఇంజన్ ఇచ్చినంత చక్కని సాక్ష్యం మరోటి దొరకదు.

నీటితో చల్లబడే ఇంజన్‌లో నీరు వేడిని ఒక హద్దులో పట్టి ఉంచుతుంది. బీటిల్‌కు ఆ ఆసరా లేదు. మంచు కురిసే ఉదయం స్టార్ట్ చేసిన క్షణం నుంచి మధ్యాహ్నం ఆల్ప్స్ కనుమ ఎక్కేదాకా దాని లోహాలు ఎంతో సాగి ముడుచుకుంటాయి. పైగా అవి ఒకే లోహం కావు. కేస్ మెగ్నీషియం మిశ్రమం, సిలిండర్లు పోతఇనుము, హెడ్లు అల్యూమినియం, వాటిని పట్టి ఉంచే స్టడ్లు ఉక్కు. ఒక్కొక్కటి ఒక్కో తీరున సాగుతుంది. దీనికి ఇంజనీర్లు చెప్పిన జవాబు చూడండి. వాల్వులను తెరిపించే పుష్‌రాడ్లను అల్యూమినియం గొట్టాలతో చేసి, కొసలకు మాత్రం ఉక్కు తొడిగారు. ఇంజన్ వేడికి పెరిగినప్పుడు రాడ్ కూడా దాదాపు అంతే పెరుగుతుంది కనుక, చల్లగా ఉన్నప్పుడు పెట్టిన 0.15 మిల్లీమీటర్ల వాల్వు క్లియరెన్స్ అదుపులో ఉంటుంది. ఇంకా గట్టివి వేద్దామని క్రోమోలీ ఉక్కు రాడ్లు తెస్తే ఇంజన్ పెరుగుతుంది, రాడ్ అంత పెరగదు. క్లియరెన్స్ ఎక్కువై వాల్వులు టకటకమంటాయి. అందుకే ఆ రాడ్లు వేసేవారు చల్లటి ఇంజన్‌లో క్లియరెన్స్ దాదాపు సున్నాకు పెట్టుకోవలసి వస్తుంది. స్టడ్ల సంగతి ఇంకా ఆలోచించదగ్గది. మొదట్లో అవి 10 మిల్లీమీటర్ల లావుండేవి. ఇంజన్ శక్తీ వేడీ పెరిగాక, కేస్, సిలిండర్లు సాగుతుంటే ఆ లావు స్టడ్లు లొంగక, మెత్తటి మెగ్నీషియంలోని మరలను పెరికేసేవి. 1970ల మొదట్లో కంపెనీ వాటిని 8 మిల్లీమీటర్లకు సన్నం చేసి, కేస్‌లో ఉక్కు ఇన్సర్టులు పెట్టింది. సన్నటి స్టడ్ కొంచెం సాగి, చల్లబడ్డాక మళ్లీ మునుపటి పొడవుకు వస్తుంది. ఇక్కడ సన్నటిదే సరైనది. భాగం మంచిచెడ్డలు దాని బలంలోనో లోహంలోనో వెతికితే దొరకవు. అది ఎవరి పక్కన బతకాలో తెలిశాకే తేలతాయి. వేడిలో ఏ ఒక్క పొడవూ నిలవదు, పొడవుల మధ్య పొత్తు నిలుస్తుంది. ఇది ఆ ఇంజనే అన్న గుర్తింపుకు ఆధారం అక్కడుంది.

లోపం వైపు నుంచి చూస్తే ఈ మాట ఇంకా స్పష్టమవుతుంది. 1971 మోడల్‌తో 1600 సీసీ ఇంజన్ మీదికి వచ్చిన సోలెక్స్ 34 పిఐసిటి-3 కార్బురేటర్ మంచి వస్తువు. బాష్ కంపెనీ 009 డిస్ట్రిబ్యూటరూ మంచిదే, నాలుగు కాలాలు మన్నేది. ఈ రెంటినీ జతచేస్తే మాత్రం యాక్సిలరేటర్ నొక్కగానే పికప్ అందక ఇంజన్ ఒక్క క్షణం తడబడుతుంది. 009లో స్పార్క్‌ను ముందుకు జరిపేది షాఫ్ట్ తిరిగే వేగం ఒక్కటే. ఆ కార్బురేటర్‌ను తయారుచేసినవారేమో, వ్యాక్యూమ్‌ను బట్టి కూడా స్పార్క్‌ను జరిపే డిస్ట్రిబ్యూటర్ పక్కన ఉంటుందని నమ్ముకున్నారు. తప్పు దేనిది? విడివిడిగా పరీక్షిస్తే రెండూ నిర్దోషులే. తడబాటు మాత్రం డ్రైవర్ కాలికి తెలిసేంత నిజం. లోపం నిజమై, అది ఏ ఒక్క భాగంలోనూ లేనప్పుడు, ఆ లోపం లేకపోవడమన్న పొందిక కూడా అంతే నిజమని, అది కూడా ఏ ఒక్క భాగంలోనూ లేదని ఒప్పుకోవాలి. ఆయిల్ కూలర్‌దీ ఇదే సంగతి. 1970 దాకా అది ఫ్యాను గూడు లోపలే, గాలి దారికి అడ్డంగా నిలబడి ఉండేది. దాని వెనకపడ్డ మూడో సిలిండర్‌కు సరైన గాలి అందక మిగతావాటికంటే ఎక్కువ వేడెక్కేది. 1971 మోడల్‌లో కూలర్‌ను పక్కకు జరిపి విడిగా గూడు కట్టారు, ఫ్యానును వెడల్పు చేశారు. పాత ఇంజన్‌కు ఈ కొత్త ఏర్పాటు కావాలంటే కూలర్ ఒక్కటి కొంటే చాలదు. దాని బ్రాకెట్, కొత్త గూడు, వెడల్పు ఫ్యాను, వేడిగాలిని బయటికి పంపే రేకులు, అన్నీ కలిసి రావాలి. ఒక్క భాగాన్ని మారుద్దామని వెళ్లినవారికి ఆ భాగం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలియదు. భాగం హద్దును గీసేది కూడా మొత్తమే. అందుకే అవయవాలు ముందు, అవయవి వెనక అన్న బౌద్ధుల వరస నాకు సరిపోదనిపిస్తుంది.

ఇక శుద్ధవాదులు ఉన్నారు. కర్మాగారం నుంచి వచ్చిన లోహం ఎంత మిగిలితే అంత అసలు ఇంజన్ అని వారి మాట. పురాతన వాహనాల మీద వారికున్న ప్రేమ పట్ల నాకు గౌరవమే. కానీ తయారుచేసినవారే ఆ మాట అనలేదు. క్రాంక్ అరిగితే సాన పట్టించి వేసుకోవడానికి 0.25, 0.50 అండర్‌సైజ్ బేరింగ్‌లు, కేస్ గూడు అరిగితే బోర్ చేయించి వేసుకోవడానికి పెద్ద సైజు బేరింగ్‌లు వచ్చాయి. అంటే అరుగుతుందని, మారుస్తారని ముందే అనుకుని ఆ ఇంజన్‌ను రూపొందించారు. మార్పు దాని స్వరూపానికి వెలుపలి ప్రమాదం కాదు. శుద్ధవాదులకు పాశ్చాత్యులు ఇచ్చిన పెద్ద ఆయుధం థీసియస్ ఓడ. కుళ్లిన పలకను తీసి కొత్తది వేస్తూ పోతే అది అదే ఓడా అని ప్లూటార్క్ కాలానికే తగువు ఉంది. 1655లో థామస్ హాబ్స్ దానికి మరో ముడి వేశాడు: తీసేసిన పాత పలకలన్నీ ఎవరో దాచి, అదే వరసలో కూర్చి రెండో ఓడ కడితే, రెంటిలో అసలుది ఏది? ఇంజన్ దగ్గర ఈ ముడి తనంతట వీడుతుంది. హాబ్స్ ప్రశ్న పాత పలకలు ఇంకా ఒకదానితో ఒకటి అతుకుతాయన్న నమ్మకం మీద నిలబడింది. అరిగిన బేరింగ్‌లు, అరిగిన జర్నల్, గీతలు పడ్డ సిలిండర్లు, వదులైన రింగులు తెచ్చి అదే వరసలో బిగిస్తే ఆయిల్ ప్రెషర్ నిలవదు, కంప్రెషన్ రాదు. అందులో పాత లోహం నూటికి నూరుపాళ్లు ఉంది, పాత పొందిక ఏమీ మిగలలేదు. అసలు ఇంజన్ ఆ పోగుతో వెళ్లలేదు. ఇంకా ఒక సంగతి. ఈ ఇంజన్ కేస్ రెండు అర్ధభాగాలను కలిపి బిగించి ఒకేసారి బోర్ చేసేవారు, తర్వాత రెంటి మీదా ఒకే నంబరు ముద్రించేవారు. వేర్వేరు ఇంజన్ల నుంచి తెచ్చిన రెండు అర్ధభాగాలు, రెండూ కర్మాగారపు అసలు లోహమే అయినా, ఒక కేస్ కావు. బేరింగ్ గూళ్లు వంకర పోతాయి. అసలుతనం లోహానిదే అయితే ఇలా జరగకూడదు.

శుద్ధవాదికి పూర్తిగా అవతల, నడిస్తే చాలు కదా అనేవారు ఉంటారు. పొందిక అని ఇంత తర్కమెందుకు, స్టార్ట్ అయి పరుగెత్తితే అదే పొందిక అంటారు. ఈ ఆక్షేపణకు లొంగిపోవడం తేలిక, ఎందుకంటే పొందిక పనిలోనే తెలుస్తుందని నేనూ ఒప్పుకుంటాను. అయితే ఎంతకాలపు పని? ఈ ఇంజన్‌కు థర్మోస్టాట్ ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు ఫ్యాను గూడులోని రేకు రెక్కలను మూసి గాలిని ఆపుతుంది, వేడెక్కాక తెరుస్తుంది. చాలామంది దీన్ని అనవసరమని పీకి పారేస్తారు. ఇంజన్ ఆగదు. కానీ వేడెక్కడానికి ఎక్కువసేపు పడుతుంది, అంతసేపూ చల్లటి లోహాలు ఒరుసుకుంటాయి. ఇంజన్ చుట్టూ ఉండే రబ్బరు పట్టీ కూడా అంతే. కింద సైలెన్సర్ వైపు వేడిగాలిని పైన ఫ్యాను పీల్చే చల్లగాలితో కలవకుండా అడ్డుకునేది అదే. అది లేకపోయినా కారు ఆ రోజు ఇల్లు చేరుతుంది; విడిచిన వేడిని మళ్లీ పీల్చుకుంటూ హెడ్లు ఏళ్ల తరబడి కాలుతాయి. ఆయిల్ పంపుల్లోనూ ఇలాంటి మోసం ఉంది. పాత క్యామ్ పళ్లచక్రం చదునుగా మూడు రివెట్లతో ఉంటుంది, 1971 తర్వాతది లోపలికి గుంటగా నాలుగు రివెట్లతో ఉంటుంది. బయటికి రెండు పంపులూ ఒకేలా కనబడతాయి. మార్చి వేస్తే ఒకటి చక్రానికి తగులుతుంది, ఇంకోటి క్యామ్ గాడిలో నిండుగా కూర్చోదు. నిండుగా కూర్చోని పంపు కూడా మొదట్లో ఆయిల్ తోలుతుంది. ఇవాళ నడవడం పొందికకు గుర్తే గాని పొందిక కాదు.

అన్నింటికంటే లోతైన ఆక్షేపణ ఇంకొకటి. మొత్తమన్నది యజమాని ఉద్దేశంలో ఉంది, లోహంలో కాదు; అతనికి ఎక్కువ శక్తి కావాలంటే 90.5 మిల్లీమీటర్ల పిస్టన్లు వేసి 1776 సీసీ కట్టుకుంటాడు, అప్పుడు సరైన భాగాల జాబితాయే మారిపోతుంది కదా అంటారు. నిజమే, మారుతుంది. ఉద్దేశం లేకుండా ఏ పొందికా మొదలుకాదు. అన్నంభట్టు మాటల్లో అది నిమిత్త కారణం. కానీ నేతగాడు కోరుకున్నంత మాత్రాన తెగిన దారాలు బట్ట కానట్టే, యజమాని కోరుకున్నంత మాత్రాన 85.5 మిల్లీమీటర్ల సిలిండర్లకు కట్టిన కేస్‌లోకి ఆ పెద్ద సిలిండర్లు దిగవు; కేస్‌నూ హెడ్లనూ బోర్ చేయించాలి, పెరిగిన వేడికి తగ్గ ఆయిల్ కూలింగ్ చూసుకోవాలి. ఉద్దేశం ప్రశ్న అడుగుతుంది, జవాబు లోహాలు చెబుతాయి. అలా కట్టినది తప్పని నేననను. అది పాత ఇంజన్‌ను బాగుచేయడం కాదు, పాత కేస్‌లో కొత్త ఇంజన్ కట్టడం. ఆ మాట తిన్నగా చెబితే చాలు. పాత పొందికను తిరిగి నిలబెట్టిన చోట, ముక్కలు ఎన్ని మారినా అది అదే ఇంజన్. వేరే పొందికను స్థాపించిన చోట, కేస్ మీద పాత నంబరు ఉన్నా అది వేరే ఇంజన్. మధ్యలో పడేవి ఉంటాయి. 1966 ఇంజన్‌కు తర్వాతి కాలపు కూలర్ ఏర్పాటు మొత్తంగా అమర్చినది అలాంటిది, దాని విషయంలో గీత ఎక్కడ గీయాలో నిక్కచ్చిగా చెప్పలేం. సంధ్య వేళ ఉందని పగలూ రాత్రీ ఒకటైపోవు.

నాగసేనుడి అసలు గురి రథం మీద కాదని తెలుసు, మనిషి మీద. నాగసేనుడు అనే పేరు వెనక స్థిరమైన వ్యక్తి లేడని రాజుకు చెప్పడానికి రథాన్ని అడ్డం తెచ్చాడు. దానికి ఈ ఇంజన్ ఏం జవాబు చెప్పగలదు? ఆత్మ ఉందా లేదా అన్నదానికి ఏమీ చెప్పలేదు. తెలుసుకునే సాక్షి ఒకడున్నాడని అద్వైతులు అనేది ఇనుమూ మెగ్నీషియంతో తేలే విషయం కాదు, తేల్చబోవడం అన్యాయం. కానీ భాగాలు మారిపోతున్నాయి కనుక మొత్తం ఒట్టి పేరేనన్న మెట్టు దగ్గర అది గట్టిగా అడ్డుపడుతుంది. భాగాలు మారడం, మొత్తం అదేగా ఉండడం రెండూ కలిసి జరగవచ్చని, ఆ అదేతనాన్ని డయల్ గేజ్‌తో కొలవవచ్చని చూపిస్తుంది. ఇక ముందుకు మనిషి గురించి వాదించాలంటే, మనిషిలో అలాంటి పొందిక ఏదో, అది దేనికి లొంగి దేనికి లొంగదో చూపవలసిన బాధ్యత ఇరుపక్షాల మీదా ఉంటుంది.

ఇంజన్ దగ్గర మన బాధ్యత ఇంతకంటే స్పష్టమైనది. కేస్ మీద నంబరు ఉంటుంది, పిస్టన్ తల మీద ఫ్లైవీల్ వైపు చూపే బాణం గుర్తు ఉంటుంది, క్యామ్ చక్రం మీద సైజు అంకె ఉంటుంది. పొందిక మీద ముద్ర వేయడానికి మాత్రం చోటు లేదు, ఎందుకంటే అది ఏ భాగమూ కాదు. కేస్ మూశాక కంటికి కనబడదు. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫివా 2012లో ఆమోదించిన ట్యూరిన్ చార్టర్, వాహనానికి చేసిన మార్పులను రాసిపెట్టాలని కోరడం అందుకే సబబు. ఇంజన్ కట్టేవారు కొన్న సామాను బిల్లులతో ఆగకుండా, క్రాంక్‌కు పెట్టిన ఖాళీ ఎంతో, మూడు షిమ్‌ల మందాలు ఎంతో, బేరింగ్ ఏ సైజో, క్యామ్ చదునుదో గుంటదో, స్టడ్లు 10వో 8వో, పుష్‌రాడ్లు ఏ లోహమో, క్లియరెన్స్ ఎంత పెట్టారో ఒక కాగితం మీద తేదీతో రాసి, బండి కాగితాలతో పాటు ఉంచండి. మీ తర్వాత ఆ ఇంజన్ విప్పేవారు ముందుగా అడిగేది దాని గురించే.